పాత బజారుకు ప్లాన్ గీసే పిల్లలు కావాలి

తిరుపతిలో అయినా చిత్తూరులో అయినా, బొమ్మలు బాగా వేసే పిల్లవాడి సంగతి పదో తరగతితో ముగిసిపోతుంది. ఎంపీసీలో చేరాక ఆ డ్రాయింగ్ పుస్తకాలు అటకెక్కుతాయి. కౌన్సెలింగ్‌కు వచ్చే తల్లిదండ్రులు నన్ను అడిగేది దాదాపు ఒకటే: "కంప్యూటర్ సైన్స్ రాకపోతే అప్పుడు ఆర్కిటెక్చర్ చూద్దామా సార్?" ఇంకొందరు సూటిగానే అనేస్తారు: "ఇండ్లకు ప్లాన్లు గీసే దానికి అయిదేండ్లు చదవల్లా?" ఈ చదువంటే డబ్బున్నవాళ్లకు కొత్త ఇల్లు గీసివ్వడమేనన్న అపోహ చాలా ఇళ్లలో పాతుకుపోయింది. పాతబడి, కుటుంబాలు ఖాళీ చేసిపోతున్న పేటలను మళ్లీ నివాసయోగ్యంగా చేసే పని కూడా ఈ చదువులో భాగమే. దాన్ని అర్బన్ డిజైన్ అంటారు. ఇతర ఊళ్ల కంటే మన ఊళ్లకే ఆ పని తెలిసినవాళ్లు ఎక్కువ అవసరం.

గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న వీధులనే తీసుకోండి. తిరుపతి ఊరు పెరిగింది అక్కడి నుంచే. 12వ శతాబ్దంలో రామానుజులు గుడిని ప్రతిష్ఠించారని, ఆ చుట్టూ ఊరు వెలిసిందని సంప్రదాయం చెబుతుంది. ఇప్పుడు అక్కడ పాత ఇల్లు పడగొట్టిన చోటల్లా లాడ్జి లేస్తోంది. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు ఊరి అంచుల్లో ప్లాట్లు కొనుక్కుని వెళ్లిపోతున్నారు. దుకాణాలు కిటకిటలాడుతుంటే ఈ పేట క్షీణిస్తోందని ఎవరికీ అనిపించదు. రాత్రి షట్టర్లు దించాక పై అంతస్తుల్లో సొంత మనుషులు ఎందరు నిద్రపోతున్నారో లెక్క తీస్తే అప్పుడు అర్థమవుతుంది.

అయిదేళ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీ బీఆర్క్‌లో సాధారణంగా నాలుగో ఏడో, అయిదో ఏడో అర్బన్ డిజైన్ స్టూడియో ఉంటుంది. విద్యార్థుల బృందానికి నిజమైన పేటను ఒకదాన్ని అప్పగిస్తారు. ఆ పేటను కొలిచి, మనుషులతో మాట్లాడి, ఏం చేస్తే అది నిలబడుతుందో ప్రతిపాదన తయారుచేయాలి. మంచి ప్రతిపాదన ఎలా ఉంటుందో తల్లిదండ్రులకు తెలియాలి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. షీటు మీద వీధిని అడ్డంగా కోసినట్టు బొమ్మ ఉంటుంది. ఒక పక్క దుకాణం షట్టరు, దాని ముందు మూడడుగుల అరుగు, అరుగు కింద కాలువ మీద పరిచిన బండలు, ఆ బండల మీద పూలమ్మే ఆవిడ గంప, పక్కనే కరెంటు స్తంభం, స్తంభానికి ఆనించిన రెండు స్కూటర్లు. అదే వీధిని ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, రాత్రి తొమ్మిదింటికి మూడుసార్లు గీయాలి. ఎండ ఏ పక్కన పడుతుందో, భక్తులు ఎక్కడ ఆగుతారో, చెత్తబండి ఎటునుంచి వస్తుందో అందులో కనబడాలి. ఇదంతా గీశాకే తనేం మారుస్తాడో చెప్పాలి. వీధిలో వాహనాలు ఆపేస్తానంటే సరుకు దించే ఆటో ఎక్కడ ఆగాలి? కాలువ మూసేస్తానంటే పూలగంప ఎక్కడికి పోవాలి? అద్దెకుండే కుటుంబం అదే అద్దెకు అక్కడే ఉండగలదా? వీటికి జవాబు లేని షీటు ఎంత అందంగా ఉన్నా నా లెక్కలో సున్నా.

సుస్థిరత అనే మాట ఇప్పుడు ప్రతి ప్రాజెక్టు పేరులోనూ వచ్చి చేరుతోంది. మన దగ్గర దానికి అసలు అర్థం నీళ్లు. 2021 నవంబరులో శేషాచలం కొండల మీద కురిసిన వానకు తిరుపతి వీధులు ఏరులై పారాయి. కొండ నీరు చెరువులకు చేరే దారుల్లో ఇళ్లు కట్టుకున్నాం, గుంటలు పూడ్చుకున్నాం. పైకప్పు మీద నాలుగు మొక్కలు పెట్టి పచ్చరంగు పూస్తే అది సుస్థిరత కాదు. ఆ పేటలో కురిసిన వాన ఎటు పోతుందో మ్యాపు మీద చూపించాలి. ఇక జనసమ్మర్దం సంగతి. 2025 జనవరి 8న బైరాగిపట్టెడలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం ఎదురుచూస్తున్నవారిలో తొక్కిసలాట జరిగింది. ఆ రోజు తిరుపతిలో ఆరుగురు భక్తులు ప్రాణాలు కోల్పోయారు. జనం ఎక్కడ నిలబడాలి, గేటు ఎటు తెరుచుకోవాలి, బయటికి దారి ఎంత వెడల్పు ఉండాలి అన్నవన్నీ ఈ చదువులో నేర్చుకునే విషయాలే. మన పిల్లలకు ఇంతకంటే పెద్ద బాధ్యతగల వృత్తి నాకు తోచడం లేదు.

తిరుపతి 2016 సెప్టెంబరులో కేంద్ర స్మార్ట్ సిటీల మిషన్ జాబితాలో చేరింది. ఆ మిషన్ 2025 మార్చితో ముగిసింది. దాని మార్గదర్శకాల్లో, ఇప్పటికే ఉన్న పేటలను బాగుచేయడానికి రెండు పద్ధతులు చెప్పారు. ఉన్నదాన్ని ఉంచి సరిచేయడానికి 500 ఎకరాలకు పైగా ప్రాంతం, కూల్చి కొత్తగా కట్టడానికి 50 ఎకరాలకు పైగా ప్రాంతం తీసుకోవచ్చు. ఈ రెంటికీ తేడా తెలియకుండా పాత పేటకు ప్లాన్ గీయకూడదు. నా మొగ్గు మొదటి పద్ధతి వైపే. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ మీదుగా వాహనాలు వెళుతున్నాయి, సరే. ఆ వంతెన కింది నీడలో ఏం జరగాలి, పాదచారి ఎక్కడ దాటాలి అన్నది విద్యార్థులు తీసుకోదగ్గ గొప్ప అంశం.

చిత్తూరులోనూ కొదవ లేదు. 2002లో మూతపడిన డెయిరీ ఆవరణ ఇరవయ్యేళ్లు అలాగే పడి ఉంది. 2023 జులైలో అమూల్ కోసం అక్కడ శంకుస్థాపన జరిగింది. అలాంటి స్థలం మూతపడితే చుట్టూ టీ కొట్టు నుంచి సైకిల్ షాపు దాకా ఏమవుతాయో రాసి, గీసి చూపించడం కూడా ఒక థీసిస్. నీవా నది ఒడ్డు, కట్టమంచి చెరువు చుట్టుపక్కలా అంతే. ఇవన్నీ కాగితానికే పరిమితమా అని అడిగేవాళ్లు హైదరాబాద్ బన్సీలాల్‌పేట వెళ్లి చూడాలి. చెత్తతో పూడిపోయిన మెట్ల బావిని ఆర్కిటెక్ట్ కల్పనా రమేశ్ బృందం, నగర పాలక యంత్రాంగం కలిసి పునరుద్ధరించాయి. 2022 డిసెంబరులో దాన్ని జనానికి తెరిచారు.

ఇప్పుడు నాకు కోపం తెప్పించే సంగతులు. మొదటిది కోచింగ్. ఆర్కిటెక్చర్ ప్రవేశానికి రాసే నాటా పరీక్షకు "క్రాష్ కోర్సు" అంటూ ఇంటర్ పరీక్షల మర్నాడే హాస్టల్లో పడేస్తున్నారు. ఆ పరీక్షకు కావలసిన చూపు, చేతివాటం వీధుల్లో, బస్టాండులో, సంతలో కూర్చుని గీస్తే వస్తాయి. నెల రోజులు గదిలో బంధించి ఒకే రకం బొమ్మలు బట్టీ పట్టిస్తే ఉన్న చేతివాటం కూడా పోతుంది. పాత ప్రశ్నపత్రాలు, కట్ట కాగితాలు, మంచి పెన్సిళ్లు, రోజుకో గంట, ఇవి చాలు. పిల్లవాడికి ఇష్టం లేకపోయినా ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్‌లో తోసి, రెండేళ్లు నిద్ర చెడగొట్టి, ర్యాంకు రాలేదని ఆర్కిటెక్చర్‌కు పంపే తల్లిదండ్రులకు ఒక్క మాట: అలసిపోయిన పిల్లవాడిని ఏ వృత్తీ ఆదరించదు.

రెండోది ఫీజు. ప్రైవేటు కాలేజీ చెప్పే ట్యూషన్ ఫీజు సగం కథే. గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్, ప్రతి సెమిస్టరుకు పెద్ద షీట్ల ప్రింట్లు, మోడళ్ల సామాను, స్టడీ టూర్లు అన్నీ కలిపి అయిదేళ్లకు లెక్క వేసుకోండి. చేరేముందు ఆ కాలేజీకి, ఆ ఏటికి, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఆమోదం ఉందో లేదో మీరే కౌన్సిల్ జాబితాలో చూసుకోవాలి. ఏజెంటు మాట వినొద్దు. 1972 చట్టం ప్రకారం కౌన్సిల్‌లో నమోదు కానివారు ఆర్కిటెక్ట్ అని చెప్పుకోకూడదు. గుర్తింపు లేని డిగ్రీతో అయిదేళ్లూ వృథా అవుతాయి. మొదటి రెండు మూడేళ్ల జీతం సాఫ్ట్‌వేర్ జీతంతో పోలిస్తే తక్కువే. అది దాచిపెట్టి సీట్లు అమ్మేవాళ్లను నమ్మకండి.

మూడోది అరువు ఆలోచన. ఇంటర్నెట్‌లో బార్సిలోనా వీధి బొమ్మ తీసుకుని, దానికి గోపురం అతికించి, డబ్బిచ్చి త్రీడీ చిత్రాలు వేయించుకునే విద్యార్థులు ఉన్నారు. ఉద్యోగ ఇంటర్వ్యూలో "ఈ కాలువ లోతెంత?" అని ఒక్క ప్రశ్న వేస్తే నిలబడలేరు. అలాగే డిగ్రీ అవగానే విదేశంలో అర్బన్ డిజైన్ మాస్టర్స్ కోసం పొలం తాకట్టు పెట్టే తొందరా వద్దు. రెండేళ్లు ఇక్కడ పనిచేశాక, స్కాలర్‌షిప్ దొరికితే వెళ్లండి. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో, అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీలో ఈ కోర్సు ఎప్పటినుంచో ఉంది.

ఇక అర్హతల సంగతి. బీఆర్క్‌కు ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి; పట్టణ ప్రణాళిక డిగ్రీ అయిన బీప్లానింగ్‌కు మ్యాథ్స్ చాలు కాబట్టి ఎంఈసీ పిల్లలూ రాయొచ్చు.

నా సలహా అడిగితే విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో నాలుగేళ్ల బీప్లానింగ్‌కు ముందు వరుసలో చోటిస్తాను. అది జాతీయ ప్రాధాన్య సంస్థ. మన జిల్లాల్లో ఈ కోర్సు పేరు తెలిసిన ఇళ్లు తక్కువ. 2021 నాటి నీతి ఆయోగ్ నివేదిక ప్రకారం దేశంలోని 7,933 పట్టణాల్లో 65 శాతానికి మాస్టర్ ప్లానే లేదు. అప్పటికి రాష్ట్రాల్లో టౌన్ ప్లానర్ల మంజూరు పోస్టులు 4,000 లోపే, వాటిలోనూ దాదాపు సగం ఖాళీ. ఖాళీలున్నాయంటే రేపే నోటిఫికేషన్ వస్తుందని కాదు. అవసరం మాత్రం తీరేది కాదు. ఈ చదువులకు స్తోమత లేని కుటుంబాలకు మరో దారి ఉంది. తిరుపతి ఎస్వీ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, ఈసెట్‌తో బీటెక్ రెండో ఏట చేరి, గేట్ రాసి ప్లానింగ్‌లో పీజీ అయిన ఎంప్లాన్‌కు వెళ్లవచ్చు. జాగ్రఫీలోనో ఎకనామిక్స్‌లోనో పీజీ చేసినవాళ్లకూ చాలా సంస్థలు ఎంప్లాన్‌లో చోటిస్తాయి. 2019లో వార్డు సచివాలయాలు వచ్చినప్పుడు ప్లానింగ్ సెక్రటరీల పోస్టులు ఏర్పడ్డాయి. ఆ కుర్చీలో కూర్చున్నవారికి పాత పేటను చూసే కన్ను ఉంటే ఎంత మేలో ఆలోచించండి.

డిగ్రీ పూర్తయ్యాక ట్యూలిప్ పేరుతో 2020లో కేంద్రం మొదలుపెట్టిన పథకం కింద నగరపాలక సంస్థల్లో ఇంటర్న్‌షిప్ అవకాశాలు వెతుక్కోండి. ఇంటర్‌లో ఉన్నవాళ్లు మాత్రం జేఈఈ మెయిన్ దరఖాస్తు నింపేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఇంజినీరింగ్ పేపరు ఎంచుకుంటే ఆర్కిటెక్చర్, ప్లానింగ్ పేపర్లు వాటంతటవే రావు. బీఆర్క్‌కు 2ఏ, బీప్లానింగ్‌కు 2బీ విడిగా ఎంచుకుని, దానికి తగ్గ ఫీజు కట్టాలి. ఇక్కడ చాలా కాలేజీల్లో దరఖాస్తులు గుమాస్తాలే నింపేస్తారు. ఆ రోజు పిల్లల పక్కన మీరూ కూర్చోండి.