పేపరు ఈజీ, మార్కులే రాలేదు!

‘ఇంతకన్నా తేలిక పేపరు ఇంకెలా ఇస్తారయ్యా?’ ధరణికోటలోనైనా, నరసరావుపేటలోనైనా పేపర్లు దిద్దే మాస్టారి నోట వచ్చే మాటే ఇది. అందులో కోపం కన్నా విసుగే ఎక్కువ. బోర్డు మీద చేసి చూపించిన లెక్కే వచ్చింది, అయినా పిల్లాడు తప్పాడు.

ఎక్కడ తప్పాడో చూడండి. వర్గ సమీకరణం లెక్క. సూత్రం చక్కగా రాశాడు. మైనస్ 5 వర్గం 25 అవ్వాలి, మైనస్ 25 వేశాడు. దాంతో రూటు లోపల రుణ సంఖ్య తేలింది. ‘వాస్తవ మూలాలు లేవు’ అని రాసి, కింద గీత కూడా కొట్టాడు. పదో తరగతి పాఠం వాడికి వచ్చు. రానిది ఏడో తరగతిది.

ఆంధ్రప్రదేశ్‌లో 2025లో పదో తరగతి పాసైనవారు 81.14 శాతం. అంటే దాదాపు ఐదుగురిలో ఒకరు తప్పినట్టే. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ సంగతి ఇంకా చోద్యం. 120 ప్రశ్నలు, నెగటివ్ మార్కులు లేవు. కళ్లు మూసుకుని దిద్దినా సగటున 30 వస్తాయి. అయినా బబుల్స్ ఖాళీగా వదిలి వచ్చేవాళ్లున్నారు!

ఉద్యోగాల దగ్గరా ఇదే కథ. 2023 జనవరి 22న జరిగిన కానిస్టేబుల్ ప్రిలిమ్స్‌లో 200 మార్కులకు ఓసీలకు 80, బీసీలకు 70, ఎస్సీ, ఎస్టీలకు 60 చాలు. నాలుగున్నర లక్షల మందికి పైగా రాస్తే గట్టెక్కింది 95 వేల పైచిలుకు. అర్హత మార్కు దాటాక ఆట మారుతుంది. పేపరు తేలికైతే అందరికీ మార్కులు వస్తాయి, కటాఫ్ పైకి పోతుంది, ఒక్క మార్కుకు వందల మంది వెనకబడతారు. ధాన్యకటకం ఇప్పటి పేరేమిటని అడిగితే, జవాబు తన ఊరే అయినా ధరణికోట కుర్రాడు తొందరలో తప్పు గడి దిద్దాడనుకోండి, ఆ మార్కు ఇక ఎక్కడా పూడదు.

గైడు చూస్తుంటే అన్నీ వచ్చినట్టే ఉంటాయి. మూసి రాస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. కాబట్టి చదవడం కాస్త తగ్గించి రాయడం పెంచండి. గుర్తులు, భిన్నాలు, శాతాలు రాకపోతే ఆరు, ఏడు తరగతుల పుస్తకాలు తీయండి, సిగ్గేమీ లేదు. పదో తరగతి పరీక్షలో పేపరు చదువుకోవడానికే ఇచ్చే 15 నిమిషాలను కిటికీలోంచి చూస్తూ గడపకండి.

మాస్టార్లకూ ఒక మాట. స్లిప్ టెస్టుకు ముందు రోజే ప్రశ్నలు చెప్పేసి, పబ్లిక్ పరీక్షలో అంకె మారిందని పిల్లలు తెల్లమొహం వేస్తే తిట్టి లాభం లేదు. ఆ అలవాటు చేసింది మనమే.

ఈ ఆదివారం ఒక పాత పేపరు తీసుకుని, గడియారం పెట్టుకుని పూర్తిగా రాయండి. సోమవారం మాస్టారి చేత దిద్దించుకోండి. మార్కులు ఎన్నని కాదు, ఎక్కడ పోయాయో అడగండి.