28,000లో మిగిలిన 500

న్యాల్‌కల్

బిడ్డా,

నువ్వు పంపిన లెక్క కాగితం చూసిన. బీరంగూడ ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పజెప్పినవు. రెండు నెలల అడ్వాన్స్ 28,000లో ఓనర్ నీకు 500 ఫోన్‌పే చేసి, లెక్క సాఫ్ అన్నడు. పెయింటింగ్ 14,000, గీజర్ 6,500, క్లీనింగ్ 4,000, వాష్ బేసిన్ 3,000. అన్నీ కలిపి 27,500. కూడికలో మాత్రం తప్పు దొరకలేదు!

ముందుగాల ఒక పని చెయ్, ఇయ్యాల్నే. ఆ 500 కింద ‘ఇది నాకు రావాల్సిన దాంట్లో కొంత మాత్రమే, మిగతాది బాకీ ఉంది’ అని ఒక్క లైన్ రాసి పెట్టు. ఊకుంటే రేపు ‘తీసుకున్నప్పుడు ఏమనలేదు కదా’ అంటడు. ఇగ మీ అన్న, తెలిసిన ఎస్సై ఉన్నడు, స్టేషన్‌కు పోదాం అంటున్నడని రాసినవు. వద్దని చెప్పు. ఇది పైసల లెక్క, సివిల్ పంచాయితీ. స్టేషన్ మెట్లెక్కితే మనమే పలచనయితం.

నేనూ ఓనర్‌నే. జహీరాబాద్‌లో మన రెండు గదులు ఫ్యాక్టరీ పిలగాండ్లకు కిరాయికిస్తున్న సంగతి నీకెరుకే. అందుకే ఓనర్ మనసు ఎట్లుంటదో చెప్త. ‘నేను రూపాయి ఇయ్య’ అని వాదానికి దిగిన కిరాయిదారును చూస్తే ఎవడైనా మొండికేస్తడు. అదే ‘బేసిన్ నా చేతిలనే పలిగింది, దాని పైసలు పట్టుకోండ్రి’ అని ముందే ఒప్పుకున్న మనిషి, మిగతా వాటికి బిల్లు అడిగితే జవాబు చెప్పక తప్పదు. కాబట్టి నీది ఎంతో నువ్వే ముందు తేల్చుకో. ఆ తర్వాత రూపాయి గూడ ఎక్కువ ఇయ్యకు.

బేసిన్ నీ లెక్కే. స్టీల్ బిందె జారిపడి అంచు పగిలిందని నువ్వే రాసినవు. కొత్త బేసిన్ కొన్న దుకాణం బిల్లు, బిగించిన ప్లంబర్ కూలి ఎంతయితే అంత. 3,000కు బిల్లు చూపితే 3,000 ఇయ్యి.

గీజర్ సంగతి వేరు. బోరు నీళ్ల ఇండ్లల్లో గీజర్ ఎందుకు ఆగుతదో ఏ ఎలక్ట్రీషియన్‌ను అడిగినా చెప్తడు. కాయిల్ బయటికి తీస్తే దాని చుట్టు సున్నం లెక్క తెల్లటి పొర మందంగ పట్టి ఉంటది. నీళ్లలోని ఉప్పు అది. నువ్వు చేసింది కాదు, ఆ బోరు చేసింది. రెండున్నరేండ్లు నువ్వే వాడినవు కాబట్టి కాయిల్ మార్పించే ఖర్చు పెట్టుకుంటనంటే ధర్మమే, 1,500 అనుకుందాం. అంతేగాని పాత గీజర్ తీసేసి కొత్తది కొనుక్కొని, దాని ధర నీ మీద రాస్తే ఎట్ల?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెప్పేది ఇదే. ఇల్లు తీసుకున్నప్పుడు ఎట్ల ఉన్నదో అట్లనే అప్పజెప్పాలె. కాని వాడుకలో వచ్చే మామూలు అరుగుదలకు కిరాయిదారు బాధ్యుడు కాడు. అయితే అగ్రిమెంట్‌లో వేరే తీరుగ రాసుకుంటే ఆ రాతకే బలం. నీ పెయింటింగ్ చిక్కు అక్కడనే ఉంది. ‘పెయింటింగ్ ఖర్చు టెనెంట్ భరించాలి’ అన్న దాని కింద నీ సంతకం ఉంది. చదవకుండ పెట్టిన అంటే నడవదు. కాని ఎంత అని దాంట్లో లేదు. పోయేటప్పుడు ఒక నెల కిరాయి పట్టుకునుడు హైదరాబాద్‌లో చానామంది ఓనర్లకు అలవాటు. అలవాటు చట్టం కాదు. రంగు వేయించిండా? మేస్త్రీకి ఎంత ఇచ్చిండు? డబ్బాల బిల్లు ఏది? ఈ మూడు అడుగు. డిస్టెంపర్ మూణ్నాలుగేండ్లకు ఎట్లయినా మళ్ల వేసుకోవాల్సిందే. మొత్తం నీ నెత్తినే ఎందుకు? సగం, 7,000, దాని మీద నిలబడు.

క్లీనింగ్‌కు ఒక్క రూపాయి వద్దు. ఊడ్చి, తుడిచి, వీడియో తీసిచ్చినవు.

ఇంకో మాట. ఆ ఇంట్ల దిగిన్నాడు పాలు పొంగించిన ఫోటో మన ఇంటి గ్రూపులో పెట్టినవు, గుర్తుందా? నిన్న వెతికి తీసిన. పొయ్యి వెనుక గోడకు చెమ్మ మరక అప్పుడే ఉంది. తేదీ గూడ ఉంది. నీ ఫోన్‌లో అసలు ఫోటో ఉంటే చెరపకు, ఫోన్ మార్చకు. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఫోన్‌లోని సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాల్సి ఉంటది, అది వకీలు చూసుకుంటడు. ఆఖరి కరెంటు బిల్లు కట్టిన రసీదు గూడ దాచిపెట్టు. బిల్లు ఎగ్గొట్టి పోతరన్నదే ఓనర్ల పెద్ద భయం.

ఎవరో నీకు 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం చెప్పిండ్రట. అది చిన్న కిరాయిలకే, నీ 14,000 ఇంటికి పట్టదు. 2021లో కేంద్రం మాదిరి అద్దె చట్టం ఒకటి తయారుచేసింది. నివాసానికి అడ్వాన్స్ రెండు నెలలు దాటొద్దు, గోడల సున్నం, తలుపుల రంగు ఓనర్ పని, గీజరు, బేసిన్ రిపేర్లు కిరాయిదారు పని అని దాంట్లో పట్టిక ఉంది. రాష్ట్రం తెచ్చుకుంటేనే అది చట్టం, అప్పటిదాకా కోర్టులో చూపలేవు. మాట్లాడేటప్పుడు మాత్రం పనికొస్తది, చూడు, నేను చెప్పిన లెక్కకు దగ్గరగనే ఉంది. ఇంగ్లండ్‌లో 2007 నుంచి ఓనర్ కిరాయిదారు అడ్వాన్స్‌ను ప్రభుత్వం ఒప్పుకున్న పథకం కింద ఉంచాలె. మన దగ్గర పైసలు ఓనర్ జేబులో, రుజువు చూపే బరువు నీ నెత్తిన.

మెసేజ్ ఇట్ల రాయి: ‘అన్నా, బేసిన్‌కు బిల్లు ప్రకారం 3,000 వరకు, గీజర్ కాయిల్‌కు 1,500, పెయింటింగ్‌లో సగం 7,000 ఒప్పుకుంటున్న. మొత్తం 11,500. 28,000లో అది పోతే 16,500. మీరు 500 ఇచ్చిండ్రు. ఇంకా 16,000 రావాలె. ఎక్కువ పట్టుకోవాలంటే బిల్లులు పంపండ్రి. పదిహేను రోజులు చూస్త.’ అంతే. కోపం మాట ఒక్కటి గూడ వద్దు.

జవాబు రాకుంటే అదే కాగితం మీద రాసి స్పీడ్ పోస్ట్‌లో పంపు. రిజిస్టర్డ్ పోస్టును 2025లో దాంట్లనే కలిపిండ్రు. అందినట్టు రుజువు తీసుకో. ఆ తర్వాత సంగారెడ్డి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. బీరంగూడ మన జిల్లానే కాబట్టి అక్కడికే పోవాలె. 1987 నాటి చట్టం ప్రకారం ఆడబిడ్డలకు ఆదాయంతో పనిలేకుండ ఉచిత వకీలునిస్తరు. 15100కు ఫోన్ చేసినా తొవ్వ చెప్తరు. కేసు వేయకముందే ఇద్దరినీ పిలిచి కూర్చోబెడతరు. లోక్ అదాలత్‌లో ఇద్దరూ ఒప్పుకొని సంతకం పెడితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అందుకే తొందరపడి 5,000కు సంతకం పెట్టకు.

నా లెక్క ప్రకారం అతను 14,000కు దిగివస్తే తీసుకో, వదిలెయ్. 2,000 కోసం సెలవులు పెట్టుకొని సంగారెడ్డి తిరుగుడు నీకు దండుగ. 10,000 లోపు అంటే మాత్రం వదలకు, నేను గూడ నీతోని వస్త. పైసల దావాకు మూడేండ్ల గడువు ఉంది, గాబరా ఏం లేదు.

మెసేజ్ పంపేముందు నాకొకసారి చూపించు. కొత్త ఇంటి అగ్రిమెంట్ గూడ ఫోటో తీసి పెట్టు, సంతకం పెట్టకముందే.

మీ పెద్దబాపు