బిడ్డ కోలుకొనుటలో పంచాయతీ పాత్ర

ఊరిలో పంట దెబ్బతినిన యెడల అందరమును ఎరుగుదుము. గోడ చాటున ఒక బిడ్డ క్షీణించుచుండుట మాత్రము మన కంట పడదు. ఇట్టి బిడ్డలకు చికిత్స, ఆహారము ఒక్కచోట లభించుటకై ప్రభుత్వాసుపత్రులలో పోషకాహార పునరావాస కేంద్రములు నెలకొన్నవి. ఇవి నడువవలసిన తీరును తెలుపు మార్గదర్శక సూత్రములను కేంద్ర ఆరోగ్య శాఖ 2011లో ప్రకటించినది.

గుర్తించుట

అంగన్వాడీ కార్యకర్త బిడ్డ దండచేతి చుట్టుకొలతను పట్టీతో కొలచును. ఆరు నెలలు నిండి, ఐదేండ్లు దాటని బిడ్డకు అది 11.5 సెంటీమీటర్లకు తగ్గిన యెడల తీవ్రమైన పోషకాహార లోపమని తెలియవలెను. రెండు పాదములు వాచి, వ్రేలితో నొక్కినచోట గుంట నిలిచినను అట్టిదే. ఆ వాపును చూచి ‘బిడ్డ ఒళ్లు చేసినాడు’ అని సంతోషించు ఇండ్లు కలవు. ఇట్టి బిడ్డకు ఆకలి లేకున్నను, జ్వరమో విరేచనములో తోడైనను, వెంటనే కేంద్రమునకు పంపవలెను.

చికిత్స

కేంద్రములో మొదటనే కడుపునిండ అన్నము పెట్టరేమని తల్లులు అడుగుట సహజము. నెఱ్ఱెలు విచ్చిన మడికి ఒక్కసారిగా కాలువ తెంచిన గట్టు తెగిపోవును. క్షీణించిన దేహమును అట్టిదే. ఆహారము ఒక్కసారిగా మీదపడిన గుండెకే ప్రమాదము. కావున తొలి దినములలో పాలు, చక్కెర, నూనె కలిపి, 100 మిల్లీలీటర్లకు 75 కేలరీలు వచ్చునట్లు చేసిన ఆహారమును రెండేసి గంటల కొకసారి, రాత్రులందును, కొద్దికొద్దిగా పట్టుదురు. దేహము చల్లబడకుండ కాపాడుదురు. అంటురోగములకు మందు లిత్తురు. ఆకలి మేలుకొనిన పిమ్మట 100 కేలరీల ఆహారమునకు మార్చుదురు. ఇనుము మందు సైతము ఆ తరువాతనే.

వాపు తీయుచుండగా బిడ్డ బరువు మొదట తగ్గును. ‘ఆసుపత్రిలో మరింత చిక్కినాడు’ అని భయపడి ఇంటికి తీసికొనిపోవుట ఈ దశలోనే జరుగును. నిజమునకు అది కోలుకొనుచున్న గురుతు. ఈ సంగతి ముందుగనే ఇంటివారికి చెప్పవలెను.

మన కర్తవ్యము

తల్లి సుమారు రెండు మూడు వారములు బిడ్డతో ఉండవలెను. ఇంట తక్కిన పిల్లలు, పశువులు, పోయిన కూలి ఆమెను వెనుకకు లాగును. మనము చేయదగినవి ఇవి:

1. తల్లికి భోజనము, కూలి నష్టమునకు కొంత పరిహారము ఇచ్చు ఏర్పాటు కేంద్రములో కలదని తెలుపుట. ప్రయాణమునకు తోడు పంపుట.

2. ఆమె వచ్చువరకు తక్కిన పిల్లలను, పశువులను చూచుటకు ఇరుగుపొరుగు వారిని ఒప్పించుట.

3. ఇంటికి వచ్చిన పిదప పదునైదు దినముల కొకసారి, రెండు నెలలలో నాలుగు మారులు, బిడ్డను పరీక్షకు పంపుట.

4. అంగన్వాడీలో ఇచ్చు ఆహారము ఆ బిడ్డకే అందునట్లు చూచుట.

5. త్రాగునీటి తొట్టిని శుభ్రపరచి, క్లోరిన్ కలిపించుట. కేంద్రములో పెరిగిన బరువును ఇంట ఒక్క విరేచనాల జబ్బు హరింపగలదు. ఆ నీరు మన పంచాయతీ ఇచ్చు నీరే.

ప్రతి సమావేశమునందును రెండు ప్రశ్నలు వేసికొందము: ఈ నెల కేంద్రమునకు పోవలసిన బిడ్డలెందరు? తిరిగి వచ్చి, పరీక్షకు పోనివారెందరు? రెండవ ప్రశ్నకు ‘ఎవ్వరును లేరు’ అని వ్రాయగలుగు వరకు మన పని ముగియలేదని ఎరుగవలెను.