నడుముకు ఆసరా

అక్కా, బిడ్డ కాన్పుకు డాలస్ పోతున్నవంట! పచ్చళ్లు, పొడులు కట్టుడు అయ్యే ఉంటది. ఇగ నీ నిద్ర సంగతి మాట్లాడుకుందాం.

మొదటిసారి పోయినప్పుడు నేను పడ్డ తిప్పలు చెప్త. నిజామాబాద్ నుంచి శంషాబాద్ సుమారు 200 కిలోమీటర్లు. పగలంతా సామాన్లు సర్ది, రాత్రి కారెక్కి, తెల్లారగట్ల విమానం పట్టుకున్న. దుబాయ్ దాకా 4 గంటలు, అక్కడ మారి డాలస్ దాకా ఇంకో 16 గంటలు. నాది కిటికీ సీటు. లేవాలంటే పక్కన ఇద్దరిని లేపాలె. ఆ మొహమాటానికి నీళ్లు తాగుడే బంద్ చేసిన. దిగేసరికి పాదాలు చెప్పుల్ల పట్టలే. బిడ్డకు తోడుగ పోయినదాన్ని, రెండు రోజులు నేనే మంచం పట్టిన.

కిటికీ పక్కన తల వాల్చుకోవచ్చు, నిజమే. కానీ మోకాళ్ల నొప్పులున్న మనలాంటోళ్లకు నడిచే తొవ్వ పక్క సీటే మేలు. టికెట్ తీసేటప్పుడే అల్లుడికి చెప్పు. చివరి వరుస మాత్రం వద్దు. చాలా విమానాల్ల అక్కడ సీటు వెనక్కి వాలదు, బాత్రూం తలుపు చప్పుడొకటి.

కూసున్న కాడ నిద్రపోయే ఉపాయం నేను మా నాయిన దగ్గర నేర్చుకున్న. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015ల మూతపడ్డది. అది నడిచిన రోజుల్ల మా నాయిన చెరుకు బండి తోలుకపోయి, వంతు వచ్చేదాకా బండి మీదనే పండుకునేటోడు. నడుము కింద గొంగడి మడిచి పెట్టి, కాళ్లకు ఏదన్న ఆనించేటోడు. కాళ్లు వేలాడితే నిద్ర రాదనేటోడు. రెండోసారి పోయినప్పుడు నేను గదే చేసిన: శాలువ మడిచి నడుము వెనక, చేతిసంచి పాదాల కింద. మెడకు దిండు ఎట్లాగూ ఉంది. ఐదు గంటలు ఒళ్లు తెలువలే. సీటు బెల్టు దుప్పటి పైనుంచి పెట్టుకో, కనబడితే నిన్ను లేపరు.

విమానంల గాలి బాగా పొడిగ ఉంటది, గొంతెండుతది. చాయ్ తగ్గించి నీళ్లు తాగు. గంటలకొద్ది కదలకుండ కూసుంటే కాళ్ల నరాల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదముంది. మెలకువ వచ్చినప్పుడల్లా మడమలు ఎత్తిదించు, రెండడుగులు నడువు. నిద్రమాత్ర వేసుకుంటే ఆ కదలిక కూడా ఉండది, అందుకే వద్దంటున్న. బీపీ, షుగర్ ఉంటే పోయేముందే డాక్టర్‌ను అడుగు.

నీళ్లు కావాలంటే అడుగు అక్కా, లేవాలనిపిస్తే లే. సిగ్గుపడకు. అక్కడ పసిపిల్ల నిన్ను రాత్రిళ్లు ఎట్లాగూ పండుకోనియ్యది.