తెరచాప కంబమునకు రంగు పూయుట

తెరచాప పడవకు కంబమే ఆధారము. నడిసముద్రమున నది విరిగినచో నావికుని పాట్లు చెప్పనలవి కావు. 2018వ సంవత్సరమున ఒంటరిగా భూప్రదక్షిణము చేయు పందెములో పాల్గొన్న భారత నౌకాదళాధికారి అభిలాష్ టోమీ పడవ, హిందూ మహాసముద్రమున తుపానులో చిక్కి కంబమును కోల్పోయెను. వెన్నునకు దెబ్బ తగిలి కదలలేక పడియున్న యాతనిని మూడు దినముల పిమ్మట ఒక ఫ్రెంచి నౌక రక్షించెను. తుపాను నెవ్వరు నాపలేరు. కాని కంబమును దృఢముగా నుంచుకొనుట మానవుని చేతిలోని పని.

పూర్వము కంబములను కొయ్యతో చేసెడివారు. ఇరువదవ శతాబ్దమున అల్యూమినియము వాడుకలోనికి వచ్చెను. ఇది ఉక్కులో మూడవ వంతు బరువు మాత్రమే కలది. గాలి సోకినంతనే దీనిపై ఆక్సైడు అను పలుచని పొర యేర్పడి, లోపలి లోహమును కాపాడును. అట్లయిన దీనికి రంగు ఎందులకు? సముద్రపు ఉప్పు ఆ పొరను అక్కడక్కడ ఛేదించి, లోహమున గుంటలు చేయును. అంతియగాక, కంబమునకు బిగించిన స్టెయిన్‌లెస్ స్టీలు మరమేకులకును అల్యూమినియమునకును నడుమ ఉప్పునీరు చేరినపుడు, ఆ రెండు లోహములును విద్యుత్ ఘటమువలె పనిచేయును. అందు క్షయించునది అల్యూమినియమే.

రంగు వేయదలచినవారు మొదట కంబమును దింపి, బల్లలపై పరుండబెట్టుదురు. లోపలి త్రాళ్లను తీయునపుడు వాని చివరలకు సన్నని దారములు కట్టి లాగుదురు. ఆ దారములు లోపలనే నిలిచి, మరల త్రాళ్లను ఎక్కించుటకు తోడ్పడును. పిదప మరమేకులను, బిగింపులను విప్పి, మంచినీటితో ఉప్పును, సబ్బుతో జిడ్డును కడిగి, పాత రంగును గీకివేయుదురు.

ఇపుడు ముఖ్యమైన పని పరీక్ష. మరమేకుల రంధ్రములచుట్టును, నీరు నిలుచు అడుగుభాగమునను చీలికలు, లోతైన గుంటలు ఉన్నవేమో చూడవలెను. వానిని మైనముతో పూడ్చి రంగు పూసినచో, చూపునకు కంబము క్రొత్తదివలె నుండును. గాలివానలో అక్కడనే విరుగును. అట్టి లోపమును నిపుణునిచే బాగుచేయింపక ముందునకు సాగరాదు.

తరువాత ఉప్పు కాగితముతో రుద్దుదురు. ఇనుప బ్రష్షు పనికిరాదు. ఏలయన, దాని రజను లోహమున నాటుకొని క్షయమునకు కారణమగును. రుద్దిన కొద్దిసేపటికే ఆక్సైడు మరల పుట్టును. కావున దుమ్ము తుడిచి, జాప్యము చేయక అల్యూమినియమునకు తగిన ఎపాక్సీ ప్రైమరు పూయవలెను. అది సిద్ధమైన పిమ్మట పాలీయురిథేన్ రంగును పలుచని పూతలుగా వేయుదురు. దీని ఆవిరి ఊపిరితిత్తులకు హానికరము. తగిన ముఖరక్షణ లేక పిచికారీ చేయరాదు.

కడపట మరమేకులు బిగించునపుడు రెండు లోహములు తాకకుండ నడుమ ప్లాస్టిక్ వాషర్లను, నీటిని చొరనీయని లేపనమును ఉంచుదురు. ఆపైని ప్రయాణానంతరము మంచినీటితో కడుగుచు, రంగు లేచిన చోటును వెంటనే సరిచేయుచుండినచో, కంబము చిరకాలము నిలుచును.