కిన్నెర: మెట్లు, మైనం, శ్రుతి

అమెరికాలోని అప్పలాచియన్ కొండసీమలలో డల్సిమర్ అనే తంతివాద్యాన్ని ఇండ్లలోనే తయారు చేసుకొని, భక్తిగీతాలు వాయించుకొనే అలవాటు కలదు. అది సన్నని చెక్కపెట్టె. దానికి మూడు నాలుగు తంతులు. ఒక తంతిపై పాట నడుస్తుంది. తక్కినవి ఆధారశ్రుతిగా మ్రోగుతుంటాయి. కెంటకీ రాష్ట్రపు గాయని జీన్ రిచీ (1922–2015) దానిని లోకానికి పరిచయం చేసిన వారిలో ముఖ్యురాలు. ఆ వివరాలు చదువుతుంటే నాకు మన పాలమూరు కిన్నెర గుర్తుకు వచ్చింది. అమీర్‌పేటలో, పంజాగుట్టలో చదువుకొనే మన విద్యార్థులలో ఎందరు దానిని చూచి ఉంటారు?

వెదురు దండి, దాని క్రింద ఎండిన సొరకాయ బుర్రలు, దండిపై తేనెమైనంతో నిలిపిన మెట్లు: ఇదే కిన్నెర. మాదిగలకు జాంబపురాణం వినిపించే డక్కలివారు దీనికి వారసులు. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరపై పండుగల సాయన్న వంటి వీరుల కథలు పాడినారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించిన తరువాతనే నగరవాసులు పలువురు ఈ పేరు విన్నారు.

దావూదు ప్రవక్త వాయించినట్లు చెప్పే వాద్యాన్ని హీబ్రూ భాషలో కిన్నోర్ అంటారు. తెలుగు బైబిలు దానిని సితారా అన్నది. కిన్నోర్, కిన్నెర అనే మాటలకు ధ్వనిసామ్యం ఉన్నది. అంతమాత్రాన బంధుత్వం కల్పించరాదు. ఇక మనకు మరింత దగ్గరి ఉదాహరణ దూదేకుల సిద్దయ్య. పోతులూరి వీరబ్రహ్మంగారి శిష్యుడైన ఆయన తత్వాలను నేటికీ ఏకతారపై పాడుతారు. దూది ఏకే వింటినారి ధ్వని ఎరిగిన వారికి ఏకతార కొత్త వాద్యంగా తోచదు.

కిన్నెర నిర్మాణం తెలిసికొనవలెనని ఇద్దరు విద్యార్థులతో కలిసి ప్రయత్నించినాను. ఎర్రగడ్డ రైతుబజారులో పెద్ద సొరకాయ కొని మేడపై ఎండబెట్టినాము. పది రోజులకు అది కుళ్లిపోయినది. కూరకు పనికివచ్చే లేతకాయ బుర్రకు పనికిరాదట! తీగపైననే ముదిరి, తొడిమ ఎండి, గట్టిపడిన కాయనే కోయవలెను. ఈ సంగతి మా ఇంటి పెద్దమ్మకు తెలుసును, ఎం.ఏ. చదివిన నాకు తెలియదు. చివరకు ఆమె తన ఊరినుండి ముదురుకాయలు తెప్పించినది.

తరువాత మెట్ల లెక్క. మీటే తంతి పొడవు 60 సెంటీమీటర్లు అనుకొందము. బిరడల వైపు నుండి 12 సెంటీమీటర్ల వద్ద గాంధారం, 15 వద్ద మధ్యమం, 20 వద్ద పంచమం, సరిగా సగమైన 30 వద్ద పై షడ్జమం. లెక్క ఒప్పే. కాని మెట్టుపై తంతిని నొక్కగానే బిగువు పెరిగి స్వరం కొంచెం హెచ్చుతుంది. మెట్టు ఎంత ఎత్తైతే అంత తేడా. అందుచేత కొలతబద్ద చూపిన చోటునుండి మెట్టును వెంట్రుకవాసి జరుపవలసి ఉంటుంది. మేము తొందరపడి బంకతో అతికించి, మళ్లీ ఊడదీసినాము. మైనమైతే వ్రేలి వేడికే మెత్తబడుతుంది; మెట్టును జరిపి, విని, మళ్లీ జరుపవచ్చును. మైనం వాడుట పేదరికం వలన అని నేను భావించేవాడను. అది నా తెలివితక్కువ. ఆ మైనంలో తరతరాల చెవి ఉన్నది.

అయితే ఆ చెవి పుస్తకాలకు ఎక్కలేదు. వాయించే కుటుంబాలు తగ్గిపోతున్నవి. వచ్చే వార్షికోత్సవానికి కళాశాల కమిటీవారు ఒక డక్కలి కళాకారుని పిలిపించి, శాలువాతో సరిపెట్టక తగిన పారితోషికమిచ్చి, రెండు రోజులు విద్యార్థుల మధ్య కూర్చుండబెట్టవలెనని నా మనవి. పాటతోపాటు మెట్లు నిలిపే పనినీ టేపుపై ఎక్కించవలెను.

మా కిన్నెర ప్రస్తుతం తెలుగు శాఖ బీరువాపై ఉన్నది. పంచమపు మెట్టు ఇంకను కొద్దిగా హెచ్చు పలుకుచున్నది.