పరుగునకు తగిన పాట

క్రీడాదినము సమీపించినదనగా మన విద్యార్థులు కొందరు తెల్లవారుజామున పరుగు అభ్యాసము మొదలుపెట్టుదురు. వారి చెవులలో ఇయర్‌ఫోనులుండును. ఏ పాట వినుచున్నావని అడిగినచో, "కొత్త సినిమా పాటండీ" అని బదులు వచ్చును. పాట కొత్తదైనను, పాతదైనను కాళ్లకు ఒకటే. కాళ్లకు కావలసినది నడక. ఈ విషయములో మన తెలుగు ఛందస్సు చెప్పగలిగినది కొంత కలదు. "గణములు నేర్చి మా పిల్లవాడు ఏమి చేయును?" అని మమ్ము అడిగిన తల్లిదండ్రులు కూడ దీనిని చదువవలెనని మా కోరిక.

రగడలకు మన లాక్షణికులు పెట్టిన పేర్లను చూడుడు. హయప్రచారము, తురగవల్గనము, ద్విరదగతి, వృషభగతి. అనగా గుఱ్ఱపు నడక, గుఱ్ఱపు దూకుడు, ఏనుగు నడక, ఎద్దు నడక. హయప్రచారములో పాదమునకు మూడు మాత్రల గణములు నాలుగు. తురగవల్గనములో అట్టివే ఎనిమిది. మధురగతిలో నాలుగు మాత్రల గణములు నాలుగు. ద్విరదగతిలో ఐదు మాత్రల గణములు నాలుగు. వృషభగతిలో మూడును నాలుగును కలసి ఏడు మాత్రలగును. అట్టివి పాదమునకు నాలుగు. సంగీతము నేర్చినవారు ఈ నడకలనే త్రిశ్ర, చతురశ్ర, ఖండ, మిశ్ర గతులందురు.

వీనిని పాదములతో పరీక్షింతము. మనుష్యునకు కాళ్లు రెండు. పరుగులో రెండడుగుల నడుమ కాలము సమముగా నుండవలెను. "తకధిమి" అను నాలుగు మాత్రలను తీసికొనుడు. "తక" యన్నప్పుడు ఎడమకాలు, "ధిమి" యన్నప్పుడు కుడికాలు. లెక్క సరిపోయినది. "తకిట" అను మూడు మాత్రలను రెండు కాళ్లకు పంచరాదు. ఒక్కొక్క తకిటకు ఒక్కొక్క అడుగు వేయవలెను. అది వడిగల నడక, నాలుక కూడ పరుగెత్తవలసి వచ్చును. ఇక ఐదును, ఏడును అడుగునకు కుదరవు. "తక తకిట" అని పరుగెత్తి చూచినవాడు కుంటుచున్నట్లుండును. ఏనుగునకును ఎద్దునకును ఆ ఊగిసలాట అందమే గాని, నూరు మీటర్ల పందెములో దానితో పని లేదు.

అయినను ఐదును బొత్తిగా త్రోసివేయరాదు. అది ఊపిరికి పనికివచ్చును. మూడడుగులు గాలి పీల్చి, రెండడుగులు విడుచు పద్ధతిని కొందరు పరుగువారు పాటింతురు. 1983లో అమెరికా శాస్త్రజ్ఞులు డెన్నిస్ బ్రాంబుల్, డేవిడ్ క్యారియర్ అనువారు పరుగునకును శ్వాసకును గల సంబంధమును పరిశీలించి ఒక వ్యాసము ప్రకటించిరి. దౌడు తీయు గుఱ్ఱమునకు ఒక్కొక్క దూకునకు ఒక్కొక్క శ్వాస. అంతకు మించి దానికి స్వేచ్ఛ లేదు. మనుష్యుడట్లు గాక శ్వాసకును అడుగునకును అనేక నిష్పత్తులను ఎంచుకొనగలడు. గుఱ్ఱమునకు ఒకే పాట, మనకు అనేకములు. ఎంపిక యను ప్రశ్న పుట్టినదే ఇందువలన.

ఎంచుకొను విధమిది. మెల్లగా పరుగెత్తుచు పదునైదు సెకనులలో మీ అడుగులను లెక్కించి, నాలుగుతో హెచ్చింపుడు. సాధారణముగా నిమిషమునకు 160 ప్రాంతమున వచ్చును. కొందరికి 180 వరకు ఉండవచ్చును. పిమ్మట పాటను వినుచు, చేతితో తాళము వేసి, దెబ్బలను అట్లే లెక్కింపుడు. 160 వచ్చినచో దెబ్బకొక అడుగు. 80 వచ్చినచో దెబ్బకు రెండడుగులు. 110 వచ్చిన పాట ఎంత మధురమైనను పరుగునకు కాదు, చురుకైన నడకకు పనికివచ్చును.

తాళము కుదిరిన పాట ఏమి చేయగలదో తెలుపు ఉదాహరణమొకటి కలదు. ఇథియోపియా దేశపు హైలీ గెబ్రెసెలాసీ 1998లో బర్మింగ్‌హామ్ నగరమున ఇండోరు 2,000 మీటర్ల పరుగులో ప్రపంచ రికార్డు స్థాపించినప్పుడు, "స్కాట్‌మన్" అను పాటను కోరి మైదానములో వేయించుకొనెను. అయితే అది అందరికిని వినబడిన పాట. పరుగు పోటీలో ఎవడును తన వెంట రేడియోనో సెల్‌ఫోనునో తీసికొని పోరాదని అంతర్జాతీయ అథ్లెటిక్స్ నియమము. కావున ఇయర్‌ఫోను లేనిదే అడుగు పడనివాడు పోటీ దినమున ఏమి చేయును?

పాట అలసటను కొంత మరపించునని లండనులోని బ్రూనెల్ విశ్వవిద్యాలయమున కోస్టాస్ కారాగియార్గిస్ మొదలగువారు చేసిన పరిశోధనలు తెలుపుచున్నవి. కాని అది మితమైన శ్రమయందే. శ్రమ తీవ్రమైనప్పుడు గుండెయు, ఊపిరియు పలుకు మాటల ముందు పాట నిలువదు. మన చెన్నపట్టణపు ఎండలో ఆ మాటలను వినుటయే క్షేమము.

ఇక మన రాయపురము సంగతి. మెరీనాలో పరుగెత్తువారికి విశాలమైన ఇసుక కలదు. మనకు రాళ్లగట్టు కలదు. పందొమ్మిదవ శతాబ్దపు చివర హార్బరు కట్టిన పిదప, తీరము వెంట ఉత్తరమునకు సాగు ఇసుక అక్కడ ఆగిపోయెను. దక్షిణమున మెరీనా పెరిగెను, ఉత్తరమున మన తీరము కోసుకొనిపోయెను. అందుచే మన పిల్లలకు మిగిలినవి బడి మైదానము, రాబిన్‌సన్ పార్కు, లేదా హార్బరునకు పోవు కంటెయినరు లారీలును, కాశిమేడు చేపల బండ్లును తిరుగు రోడ్డు. ఒక ఉదయమున మా విద్యార్థి యొకడు చెవులు మూసికొని పరుగెత్తుచుండగా, వెనుక లారీ ముమ్మారు హారను మ్రోగించినను తిరిగి చూడలేదు. మేము అవతలి ప్రక్కనుండి కేకలు వేసితిమి, అవియు వినబడలేదు. లారీ డ్రైవరు నేర్పరి గనుక బ్రేకు వేసెను. నాటినుండి, రోడ్డుపై చెవి రోడ్డునకే చెందవలెనని మేము చెప్పుచున్నాము. శబ్దపు హెచ్చు కూడ ఆలోచింపదగినది. పిల్లలు వారమునకు 40 గంటలు వినునప్పుడు 75 డెసిబెళ్లు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టినది. వీధి రొదను మించవలెనని పాటను హెచ్చించువాడు ఆ హద్దును ఎరుగడు.

పాట మానవలెనా? మానవలదు, చెవినుండి నోటికి మార్చుకొనుడు. వల లాగువారును, పడవ నడుపువారును యంత్రమేమియు లేకయే "హైలెస్సా" యని బలమును కూడదీసికొనిరి. మధురగతిలో మేము కట్టిన రెండు పాదములివి:

తెల్లని వెలుగులు తీరము తాకెను
చల్లని గాలికి జాలరి లేచెను

పాదమునకు పదునారు మాత్రలు, రెండు మాత్రలకొక అడుగు, పాదమునకు ఎనిమిదడుగులు. నిమిషమునకు 160 అడుగులు వేయువాడు ఈ ద్విపాదమును పదిసార్లు చెప్పుకొనును; గడియారము లేకయే కాలము తెలియును. రహస్యముగా పెదవులపై పలుకలేనంత ఆయాసము వచ్చినచో వేగము తగ్గింపవలెను. ఈ హెచ్చరికను ఇయర్‌ఫోను ఇయ్యజాలదు.

ఒక చిక్కు మాత్రము కలదు. గణములలో జగణము, అనగా లఘువు, గురువు, లఘువు వచ్చినచో, రెండవ అడుగు గురువు నడుమ పడి కాలు తడబడును. పై పాదములలో జగణము లేకుండుట అందుకొరకే. తొమ్మిదవ తరగతివారు తమ తమ వీధులను గూర్చి ఇట్టి పాదములు కట్టి, మైదానము చుట్టు ఒకసారి పరుగెత్తి సరిచూచుకొని, తరువాతి సంచికకు పంపవచ్చును.